కువైట్‌కి పంపిన కొలతలు

నేను పొట్టిదాన్ని. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, తొమ్మిదేళ్ళప్పుడు ఎవరైనా ఆ మాటంటే మీదపడి రక్కేదాన్ని. బళ్ళో ప్రార్థనకి నిలబడితే వరసలో మొదటిదాన్ని నేనే. పొట్టిగా ఉంటే ఏం పోయిందే, గుమ్మాలు తగలవు అని మా అమ్మమ్మ సర్దిచెప్పేది. నా బాధ ఆవిడకేం తెలుసు! నేను పొడుగైతేనే మా అమ్మ కువైట్ నుంచి వస్తుంది. అలాగని అమ్మే నాతో చెప్పింది.

మేముండేది విజయవాడ కృష్ణలంకలో, రెండు గదుల అద్దింట్లో. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ జాకెట్లు కుట్టేది. గవర్నర్‌పేట కొట్లవాళ్ళు కూడా మా వీధి వెతుక్కుంటూ వచ్చి బట్ట ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఆది జాకెట్టు తేవడం మర్చిపోయి నాలుక కరుచుకున్న ఆడవాళ్ళని అమ్మ ఒకసారి ఎగాదిగా చూసి, "ఫర్లేదు లెండి, ఎల్లుండి రండి" అనేది. ఎల్లుండికి జాకెట్టు అతికినట్టు సరిపోయేది. అంత పనిమంతురాలికీ ఆ వచ్చేది అద్దెకీ బియ్యానికీ చాలేది కాదు. కువైట్ యుద్ధం సద్దుమణిగి, మా వీధుల్లోంచి ఆడవాళ్ళు మళ్ళీ అటు ప్రయాణాలు కడుతున్న రోజులవి. అక్కడెవరింట్లోనో పిల్లల్ని చూసుకుంటూ బట్టలు కుట్టే మనిషి కావాలని కబురొచ్చింది. అమ్మ నన్ను అమ్మమ్మకి అప్పజెప్పి బయల్దేరింది.

స్టేషన్లో నేను ఏడుపు మొదలెట్టాను. మామూలు ఏడుపు కాదు, ఇడ్లీలమ్ముకునేవాడు కూడా బుట్ట దించి చూసే ఏడుపు. అమ్మ నన్ను తన ముందు నిలబెట్టుకుని, తన భుజం మీద తనే చెయ్యి వేసి చూపించింది. "ఇదిగో, నువ్వు ఇక్కడిదాకా ఎదిగేసరికి నేను వచ్చేస్తా. బాగా తిను, గబగబా ఎదుగు. సరేనా?" పెద్దవాళ్ళు పిల్లల్ని ఊరుకోబెట్టడానికి సవాలక్ష అంటారు. నేను మాత్రం ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. ఆ రోజుకి నా తల ఆవిడ నడుముకి జానెడు పైన ఉంది.

వెళ్ళేముందే అమ్మ ఇంకో ఏర్పాటు చేసింది. మూడు నెలలకోసారి నా కొలతలు పంపితే అక్కడి మిషన్ మీద నాకు గౌన్లు కుట్టి, సెలవుకొచ్చే వాళ్ళెవరి చేతైనా పంపిస్తానంది. అమ్మమ్మకి టేపు మీద అంకెలు చదవడం రాదు. అందుకని కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పురికొస తీసుకుని కొలిచి, కొలత దగ్గర తెంపి, ఉత్తరంతోపాటు కవర్లో పెట్టమంది. ఒక ముడి ఉన్నది ఎత్తు, రెండు ముళ్ళున్నది ఛాతీ, ముడి లేనిది చెయ్యి.

మొదటి గౌను కంకిపాడు నుంచి కువైట్ వెళ్ళిన ఒకావిడ తెచ్చింది. లేత ఆకుపచ్చ గౌను, మెడ చుట్టూ తెల్ల లేసు. తొడుక్కున్నాను. అయ్య బాబోయ్! సముద్రం అవతల కూర్చుని కుట్టిన గౌను, చంక దగ్గర ఒక్క ముడత లేదు! మణికట్టు ఎక్కడుందో చెయ్యి అక్కడే ఆగింది. ఆ వేళ నా కాళ్ళు భూమ్మీద ఆనితే ఒట్టు. వీధి చివర ఐ.ఎస్.డి. బూత్ భాయ్ గారి దగ్గర్నుంచి కరకట్ట మీద గేదెల దాకా అందరికీ చూపించొచ్చాను. అమ్మ నన్ను మర్చిపోలేదు. నా ఒళ్ళు ఆవిడ చేతులకి ఇంకా గుర్తుంది.

ఉత్తరాలు ఆదివారం రాసేవాళ్ళం. అమ్మమ్మ చెబుతుంది, నేను రాస్తాను. ఒకటే షరతు, చెడ్డ కబురు ఒక్కటీ రాయకూడదు. "అది అక్కడ ఒక్కత్తే ఉందే పిచ్చి మొహమా. నువ్వు ఏడ్చావని రాస్తే అది ఇంకో నాలుగింతలు ఏడుస్తుంది. బాగున్నాం అని రాయి" అనేది. నాకు కామెర్లొచ్చి నెల రోజులు మంచం మీదుంటే, "పిల్ల మజ్జిగన్నం ఇష్టంగా తింటోంది" అని నా చేతే రాయించింది. వంటింటి కప్పు కారి గిన్నెలు పెట్టుకుంటుంటే, "ఈ ఏడు వానలు బాగా పడ్డాయి" అని రాయించింది. ఇక నాకు నువ్వు కావాలమ్మా, వచ్చెయ్యి అని రాయడమా? ఒకసారి రాశాను. అమ్మమ్మ ఎదురింటావిడ చేత చదివించుకుని, ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టింది. "మేమంతా క్షేమం. నువ్వేం బెంగ పెట్టుకోకు." ప్రతి ఉత్తరమూ ఇలాగే మొదలయ్యేది, ఇలాగే అయిపోయేది.

ఏడాది గడిచాక తలుపు చట్రానికి ఆనుకుని నిలబడి పెన్సిల్ గీత గీసుకున్నాను. అమ్మ వెళ్ళిన రోజున గీసిన పాత గీతకీ కొత్త గీతకీ మధ్య ఒక్క వేలు పట్టింది! ఈ లెక్కన అమ్మ నా పెళ్ళికి కూడా రాదు. మర్నాడే నేను దొంగపనికి దిగాను.

అమ్మమ్మ కొలిచి కవర్లో పెట్టిన పురికొసలు తీసేసి, కాస్త కాస్త పొడుగువి తెంపి పెట్టాను. ఎత్తు ఒక్కటే పెంచితే అమ్మ పట్టేస్తుంది. దర్జీ కూతుర్ని, ఆ మాత్రం నాకూ తెలుసు! అందుకని ఛాతీ పెంచాను, చెయ్యీ పెంచాను. మొదటిసారి మూడు వేళ్ళు. తర్వాతి సారి ఇంకో మూడు. ముళ్ళు మాత్రం మర్చిపోకుండా వేశాను.

ఆ రెండు సార్లకీ కలిపి ఒక గౌను వచ్చింది. తొడుక్కుంటే అందులో నేనూ, పక్కింటి పిల్లా, ఇద్దరం పట్టేవాళ్ళం. చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి, అంచు నేల ఊడుస్తోంది. నేను పెంచింది ఆరు వేళ్ళయితే ఇదేంటి, జానెడు పెరిగిపోయింది? ఎక్కడో ఏదో తేడా కొట్టింది. అమ్మమ్మ నన్ను అటు తిప్పింది, ఇటు తిప్పింది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "రాయి. గౌను బ్రహ్మాండంగా సరిపోయింది అని రాయి" అంది.

"బ్రహ్మాండంగానా?"

"మరి లేకపోతే? కళ్ళు కాయలు కాసేలా కూర్చుని కుట్టింది. సరిపోలేదంటే దాని ప్రాణం ఉసూరుమనదూ?"

అంతటితో ఆగినా బాగుండేది. అమ్మ జవాబు రాసింది. అంత పొడుగైందా నా బంగారం, ఆ గౌను వేసి ఫొటో తీయించి పంపండి అని. ఇక చూస్కోండి మా తంటాలు! అమ్మమ్మ నన్ను గవర్నర్‌పేటలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళింది. వెనక పూలతోట బొమ్మ ఉన్న తెర. ముందు నేను, ఆ డేరా తొడుక్కుని. అమ్మమ్మ వీపు వైపు గుడ్డంతా పోగుచేసి పదో పన్నెండో పిన్నీసులు పెట్టింది. చేతులు లోపలికి మడిచింది. ఫొటో ఆయన కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు. "గౌను కింద కుప్పపడుతోందండీ. పాపా, ఇదిగో ఈ పీట ఎక్కు" అన్నాడు. ఎక్కాను. గౌను అంచు కిందికి జారి పీటని శుభ్రంగా కప్పేసింది. ఫొటో చూస్తే నాకే మతిపోయింది. ఎవరో పొడుగాటి పెద్దపిల్ల, ఒంటికి అతికినట్టున్న గౌన్లో, తోటలో నిలబడి ఉంది. మొహం మాత్రం నాది.

ఆ ఫొటో వెళ్ళిన కొన్నాళ్ళకి, ఒక శుక్రవారం మధ్యాహ్నం బూత్ భాయ్ గారు వీధి మధ్యలోకొచ్చి కేకేశారు. "కువైట్! కువైట్ వచ్చింది, రండి!" మా ఇంటికి ఆయన పెట్టిన పేరే అది. శుక్రవారం అమ్మకి సెలవు, రెండు మూడు నెలలకోసారి బూత్‌కి ఫోన్ చేసేది. కంచం ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. అమ్మమ్మ నాకంటే ముందే ఫోన్ లాక్కుంది. అమ్మ గొంతు ఎంత గట్టిగా వినిపించిందంటే బూత్ బయటికి కూడా వచ్చింది.

"అమ్మా, నిజం చెప్పు. పిల్ల పెద్దమనిషైందా?"

"లేదే తల్లీ! దానికి పదకొండేళ్ళు కూడా నిండలేదు!"

"నాకు కొలతలు తెలియవా? ఫొటోలో కనపడట్లేదా? నా దగ్గర దాస్తున్నావు నువ్వు!"

"నీమీదొట్టు, దాయట్లేదే!"

"నీ ఒట్లు నాకు తెలుసులే. కామెర్లొచ్చినప్పుడు చెప్పావా? కంకిపాడు ఆవిడ చెబితే తెలిసింది నాకు. ఇంట్లో ఇంత జరిగితే కన్నతల్లికి చెప్పరా ఎవరైనా? దాన్ని కూర్చోబెట్టేటప్పుడు పక్కన నేనుండొద్దా?"

అమ్మమ్మ ఏం చెప్పినా అమ్మ నమ్మడం లేదు. రెండేళ్ళు అన్నీ బాగున్నాయని చెప్పిన మనిషి ఇప్పుడు ఏమీ జరగలేదంటే ఎవరు నమ్ముతారు! ఆఖరికి అమ్మ అంది. "నేను పనిచేసే ఇంటివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి సెలవు అడిగాను. ఇచ్చారు. వచ్చే నెల వస్తున్నా."

ఫోన్ పెట్టేశాక నేను పెట్టిన కేకకి పక్కనున్న టైలరు కొట్లోంచి ఇద్దరు బయటికొచ్చారు. అమ్మ వస్తోంది! అమ్మ వచ్చేస్తోంది! భాయ్ గారి కౌంటరు చుట్టూ మూడుసార్లు గెంతాను. ఆయన నవ్వుతూ సీసాలోంచి బిళ్ళ తీసి చేతిలో పెట్టారు. బిళ్ళ సగం చప్పరించాక గుర్తొచ్చింది. వచ్చేది ఫొటోలో పిల్ల కోసం. ఆ పిల్ల లేదు. చచ్చాం పో!

ఇంక ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో ఎదగాలి. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడాను. కాళ్ళు ముడుచుకోకుండా పడుకున్నాను. వాసన పడదని నే పారబోసే పాలు అడిగి మరీ తాగుతుంటే అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. భాయ్ గారినే అడిగాను, తొందరగా పొడుగవ్వడానికి ఏమైనా ఉందా అని. "ఇరవై రోజుల్లోనా? మా మేకపిల్ల కూడా ఎదగదమ్మా" అన్నారాయన. ఇంటికెళ్ళి గీత చూసుకున్నాను. అక్కడే ఉంది దిక్కుమాలింది. ఒక పక్క అమ్మ వస్తోందని గంతులు, ఇంకో పక్క నన్ను చూసి, ఇంతేనా, దీనికోసమా వచ్చానని వెనక్కి తిరిగి రైలెక్కేస్తుందేమోనని వణుకు. ఒకే రోజులో నాలుగుసార్లు నవ్వి, నాలుగుసార్లు ఏడ్చాను.

బొంబాయిలో విమానం దిగి, అక్కడ్నుంచి రైల్లో వచ్చింది అమ్మ. మేము రెండు గంటల ముందే స్టేషన్‌కి వెళ్ళి కూర్చున్నాం. నాకు నా పాత లంగా, జాకెట్టే వేసింది అమ్మమ్మ. ఆ గౌనుతో నడిస్తే బోర్లా పడతానని. రైలు వచ్చేసరికి మునివేళ్ళ మీద నిలబడ్డాను. పెట్టెలు ఒకటొకటే దాటుతున్నాయి. అదిగో, తలుపు దగ్గర అమ్మ! చిక్కిపోయింది, చేతిలో పెద్ద సూట్‌కేసు. "అమ్మా!" అని అరిచాను గానీ ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

అమ్మ దిగింది. కళ్ళు జనంలో వెతుకుతున్నాయి. నన్ను చూశాయి. చూసి, నా తల మీదుగా వెళ్ళిపోయాయి. నా వెనక ఎవరి పిల్లో, పొడుగ్గా, రెండు జడలేసుకుని అటు తిరిగి నిలబడి ఉంది. అమ్మ మొహం ఒక్కసారి వెలిగిపోయింది. సూట్‌కేసు అక్కడే వదిలేసి, నా పక్కనుంచే, చీర కుచ్చెళ్ళు నా చేతికి తగులుతుండగా, ఆ పిల్ల వైపు వెళ్ళింది.

భయం గియం అన్నీ ఎగిరిపోయాయి. ఒళ్ళు మండిపోయింది నాకు. వెనకనుంచి ఆవిడ కొంగు పట్టుకుని ఒక్క లాగు లాగాను. "అది నేను కాదు! నేనిక్కడున్నా! నీ కూతుర్ని నేను!"

అమ్మ తిరిగింది. కిందికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కొచ్చి, ప్లాట్‌ఫారం మధ్యలోనే సూట్‌కేసు మీద కూర్చుని, నా భుజాలు పట్టుకుంది. చేతుల మీదుగా మణికట్టు దాకా తడిమింది. వీపు మీద జానతో కొలిచింది. కొలుస్తుంటే ఆవిడ మొహంలో రంగులు మారుతున్నాయి.

"మరి ఇన్నాళ్ళూ నేనెవరికి కుట్టానే?" అంది.

అమ్మమ్మే గొణిగింది. "ఎదిగే పిల్ల కదా అని, గౌను వచ్చేసరికి బిగుతవుతుందని, ఏడాది తిరిగాక నేనే తెంపేటప్పుడు ప్రతిదానికీ రెండేసి వేళ్ళు కలిపానే."

"నువ్వు కలిపావా? ఎదిగే పిల్ల కదా అని ఆ ఫొటో గౌనుకి నేనూ రెండంగుళాలు వదిలి కుట్టానే!"

అప్పుడిద్దరూ కలిసి నన్ను చూశారు. ఇంకా ఎక్కడో తేడా ఉందని ఇద్దరికీ అర్థమైంది. నేను వలవలా ఏడుస్తూ మొత్తం కక్కేశాను. తెంపింది, మార్చింది, మళ్ళీ ముళ్ళేసింది, పీటతో సహా అంతా. "నీ భుజందాకా ఎదిగితే వస్తానన్నావుగా! నేను ఎదగట్లేదు! ఎంత తిన్నా ఎదగట్లేదు! అందుకే పురికొస ఎదిగించా!"

అమ్మమ్మకి ముందు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు. పక్కన కూలీ ఒకాయన సూట్‌కేసు మోస్తానని అడుగుతున్నా ఆవిడకి వినపడలేదు.

"దానికింత దొంగతనం ఎందుకే? రమ్మని ఒక్క ముక్క రాస్తే పోయేదిగా?"

నేను అమ్మమ్మ వైపు చూశాను. అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది.

"రెండేళ్ళు" అంది అమ్మ. "ఎన్ని ఉత్తరాలు రాశారు! ఒక్కదాన్లోనైనా రమ్మని ఉంటుందేమోనని తిరగేసి మరగేసి చదివేదాన్ని. బాగున్నాం, తింటున్నాం, వానలు పడ్డాయి, బెంగపెట్టుకోకు. చదివి చదివి, పిల్లకి నేను లేని ఇల్లు అలవాటైపోయిందనుకున్నా. నా అవసరం తీరిపోయిందనుకున్నానే. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమంటే, సరే, వెళ్ళి మాత్రం చేసేదేముందని, పెట్టేద్దామనుకున్నా. ఇంతలో ఆ ఫొటో వచ్చింది."

అమ్మమ్మ అక్కడే నేల మీద కూలబడి, అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "నువ్వు ఏడుస్తావని కదే..." అంది. పాపం, తప్పు ఎవరిదంటే ఏం చెప్పను! ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు ఏడిపించకూడదనుకున్నవాళ్ళమే.

నేను అమ్మ మెడ పట్టుకున్నాను. ఆవిడ కూర్చుని ఉంది కాబట్టి అందింది. రెండేళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగిన మాట చెవిలో అనేశాను. "వచ్చెయ్యవే అమ్మా. నువ్వు కావాలి నాకు."

"ఇంకోసారి అను" అంది అమ్మ. అన్నాను. "మళ్ళీ అను" అంది. ఆటో ఎక్కేదాకా అనిపించింది నా చేత.

సెలవయ్యాక అమ్మ మళ్ళీ వెళ్ళింది. వెళ్ళక తప్పలేదు. ఆ నలభై రోజులూ మా ఇంట్లో పండగే. ఈసారి కొలతలు ఎదురింటావిడ చేత టేపుతో తీయించి, అంకెలేసి, కింద అమ్మమ్మ వేలిముద్ర కూడా వేయించి పంపేదాన్ని. ఉత్తరాలు మాత్రం నేనే రాసుకున్నాను, అమ్మమ్మ నోరెత్తలేదు. కప్పు కారితే కప్పు కారిందని రాశాను. లెక్కల్లో తప్పితే తప్పానని రాశాను. అన్నిటికంటే పైన, మొదటి వరసలో, రా అమ్మా అని రాశాను. ఫోన్లోనూ అంతే. భాయ్ గారి బూత్ పోయి సెల్‌ఫోన్లు వచ్చినా, నేను బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీలో డిగ్రీలో చేరినా, శుక్రవారం అమ్మ ఫోన్ చేస్తే ఎలా ఉన్నావని అడిగేది కాదు. "ముందు ఆ మాట అను" అనేది. "రా అమ్మా" అనేదాన్ని. "ఆఁ. ఇప్పుడు చెప్పు, ఏం వండుకున్నారు?" అనేది. తొమ్మిదేళ్ళు అన్నాను. బస్సులో నిలబడి అన్నాను, క్లాసు బయట స్నేహితులు నవ్వుతుంటే అన్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆవిడ అడగకముందే, అలవాటుకొద్దీ, రా అమ్మా అన్నాను. అవతల ఏం వండుకున్నారన్న మాట రాలేదు. లైన్ పోయిందేమోనని హలో హలో అంటున్నాను.

"పెట్టె సర్దేశానే" అంది అమ్మ. "ఇంక మళ్ళీ వెళ్ళేది లేదు. వస్తున్నా."